వెన్నులో నీరు చెప్పే కబురు



మేం ముగ్గురం సాంఘిక సంక్షేమ హాస్టల్ అన్నం తిని చదువుకున్నవాళ్లం. ఒకరిది జనగామ, ఒకరిది మహబూబాబాద్, ఒకరిది భూపాలపల్లి. ఇంటర్ తర్వాత ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి, ఇప్పుడు మైక్రోస్కోపుల ముందు పనిచేస్తున్నాం. వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు పాఠం రాయమని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నాం. రక్తపరీక్ష గురించి, మూత్రపరీక్ష గురించి మీకు ఎంతో కొంత తెలుసు. అందుకే మన ఊళ్లలో పేరు వింటేనే జనం భయపడే పరీక్షను ఎంచుకున్నాం. మనవాళ్లు దాన్ని 'వెన్నులో నీరు తీయడం' అంటారు. ల్యాబులో మేం సి.ఎస్.ఎఫ్. పరీక్ష అంటాం. పాఠ్యపుస్తకంలో ఆ నీటి పేరు మస్తిష్క మేరు ద్రవం.

ఈ పాఠంలో మేం చెప్పదలచుకున్న ముఖ్యమైన సంగతి ఒక్కటే. మెదడును కోసి చూడలేం. కానీ మెదడును తడుపుతూ పారే నీటిలోకి ఏ రక్షక కణాలు వచ్చాయో, ఎన్ని వచ్చాయో, అసలు వచ్చాయో లేదో లెక్కపెడితే లోపల జరుగుతున్న యుద్ధం చాలావరకు తెలుస్తుంది. ఆ లెక్క సమయానికి అందితే బతికే ప్రాణాలు ఉన్నాయి.

ఆ నీరు ఏమిటి? ఎక్కడ ఉంటుంది?

మెదడునూ వెన్నుపామునూ మూడు పొరలు కప్పి ఉంటాయని పదో తరగతిలో చదువుకున్నాం. పై నుంచి లోపలికి వరాశిక, లౌతికళ, మృద్వి. లౌతికళకూ మృద్వికీ మధ్య ఖాళీలో ఈ ద్రవం ఉంటుంది. చూడటానికి బోరు నీళ్లలా తేటగా ఉంటుంది. పెద్దవాళ్లలో ఒక సమయంలో ఉండేది సుమారు 150 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ గ్లాసుకు కొంచెం ఎక్కువ. మెదడు లోపలి గదుల్లో అది రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారవుతుంది. పాత నీరు రక్తంలోకి ఇంకిపోతుంది, కొత్త నీరు ఊరుతుంది. అంటే రోజుకు మూడుసార్లకు పైగా నీరంతా మారిపోతుందన్నమాట. మన ఊరి ఊటబావి లాంటిదే ఇది.

ఈ నీటిని ఇటలీ వైద్యుడు డొమెనికో కొటున్యో 1764లో వర్ణించాడు. సూదితో నడుము దగ్గర నుంచి దాన్ని తీసే పద్ధతిని 1891లో జర్మనీలోని కీల్ నగరంలో హైన్రిక్ క్వింకే అనే వైద్యుడు ప్రచారంలోకి తెచ్చాడు. నూట ముప్పై ఏళ్లు దాటినా పద్ధతి దాదాపు అదే.

కంచె లోపల గస్తీ

రక్తంలో ఒక ఘన మిల్లీమీటరుకు 4,000 నుంచి 11,000 వరకు తెల్ల రక్తకణాలు ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మస్తిష్క మేరు ద్రవంలో అదే కొలతకు ఐదుకు మించి ఉండవు. ఇంత తేడా ఎందుకు? రక్తానికీ మెదడుకూ మధ్య ఒక గట్టి కంచె ఉంది. రక్తనాళాల గోడల్లోని కణాలు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని, కనిపించిన ప్రతి కణాన్నీ లోపలికి పోనివ్వవు. మెదడు పుర్రెలో బిగించి ఉన్న అవయవం. అక్కడ వాపు వస్తే పక్కకు జరగడానికి చోటు లేదు. అందుకే ఆ కాపలా.

మరి ఆ నాలుగైదు కణాలు ఎవరు? ఎక్కువభాగం లింఫోసైట్లు, కొద్దిగా మోనోసైట్లు. లింఫోసైట్లలోనూ చాలావరకు టి కణాలే. శత్రువు జాడ ఉందేమోనని అవి గస్తీ తిరుగుతుంటాయి. చీము కణాలైన న్యూట్రోఫిల్స్ మామూలుగా అక్కడ ఉండవు. ఎర్ర రక్తకణాలు ఉండనే ఉండకూడదు.

లెక్క ఎలా కడతాం?

డాక్టరు గారు తీసిన నీరు మూడు చిన్న ట్యూబుల్లో మా దగ్గరకు వస్తుంది. ఒకటి చక్కెర, ప్రోటీను చూడటానికి. ఒకటి సూక్ష్మజీవులను వెతకడానికి. ఒకటి కణాల లెక్కకు. లెక్కకు ఫుక్స్-రోజెంథాల్ చాంబర్ అనే గాజు పలకను వాడవచ్చు. దాని మీద 4 మిల్లీమీటర్ల పొడవు, 4 మిల్లీమీటర్ల వెడల్పు గల గళ్ల చదరం ఉంటుంది. లోతు 0.2 మిల్లీమీటరు. ఇప్పుడు లెక్క మీరే చేయండి.

4 × 4 × 0.2 = 3.2 ఘన మిల్లీమీటర్లు.

నీటిని పలుచన చేయకుండా ఆ చదరంలో నింపి చూస్తే మొత్తం 320 కణాలు కనిపించాయనుకుందాం. 320ని 3.2తో భాగిస్తే 100. అంటే ఘన మిల్లీమీటరుకు 100 కణాలు. ఉండవలసింది 5. కాబట్టి లోపల ఏదో జరుగుతోంది. తర్వాత అదే నీటిని వేగంగా తిప్పి, అడుగున చేరిన కణాలకు రంగు వేసి, ఏ జాతి కణం ఎన్ని ఉందో విడివిడిగా చూస్తాం. ఎనిమిదో తరగతి గుణకారం, భాగహారం వచ్చినవాడికి ఈ లెక్క కష్టం కాదు. కావలసింది ఓపిక, నిజాయితీ.

ఇక్కడొక ముఖ్యమైన మాట. బయటకు తీసిన నీటిలో ఈ కణాలు, ముఖ్యంగా న్యూట్రోఫిల్స్, త్వరగా కరిగిపోతాయి. గంటలోపు చూడకపోతే లెక్క తగ్గిపోతుంది. పెద్దాసుపత్రుల్లో ఒక్కోసారి ట్యూబులను రోగి వెంట వచ్చినవాళ్ల చేతికే ఇచ్చి ల్యాబులో ఇచ్చి రమ్మంటారు. ఆ పని మీమీద పడితే దారిలో టీ తాగడానికి కూడా ఆగవద్దు. మీ చేతిలో ఉన్నది మళ్లీ సులభంగా దొరికేది కాదు.

ఎవరు వచ్చారన్నదే జవాబు

పోలీసులు వచ్చారా, ఫైరింజన్ వచ్చిందా అన్నదాన్ని బట్టి వీధిలో ఏం జరిగిందో ఊహిస్తాం కదా. ఇదీ అంతే.

బాక్టీరియా వల్ల మెదడు పొరల వాపు వస్తే నీరు మబ్బుగా మారుతుంది. కణాలు వందలు, వేలు ఉంటాయి. ఎక్కువభాగం న్యూట్రోఫిల్స్. మామూలుగా రక్తంలోని చక్కెరలో సుమారు మూడింట రెండు వంతులు ఈ నీటిలో ఉండాలి. ఈ జబ్బులో అది బాగా పడిపోతుంది. ప్రోటీను పెరుగుతుంది. గంటల్లో యాంటీబయాటిక్ పడకపోతే ప్రాణానికి ముప్పు. అందుకే అనుమానం బలంగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెడతారు.

క్షయ మెదడు పొరలకు ఎక్కితే కథ నెమ్మదిగా నడుస్తుంది. వారాల తరబడి జ్వరం, తలనొప్పి, బరువు తగ్గడం, పిల్లవాడు మందకొడిగా మారడం. నీరు తేటగానే ఉండొచ్చు. కదపకుండా ఉంచితే సాలెగూడు లాంటి తెర కట్టవచ్చు. కణాలు సాధారణంగా వందల్లో ఉంటాయి, ఎక్కువభాగం లింఫోసైట్లు. చక్కెర తక్కువ, ప్రోటీను ఎక్కువ. ఇప్పుడు సీబీనాట్ యంత్రం కొన్ని గంటల్లోనే క్షయ క్రిమి జన్యువును వెతికి చెబుతుంది. అయితే యంత్రం 'లేదు' అన్నంత మాత్రాన క్షయ లేదని కాదు. ఈ నీటిలో క్రిములు చాలా తక్కువగా ఉంటాయి. అలాంటప్పుడు కణాల లెక్కే డాక్టరుకు దారి చూపుతుంది. క్షయ పేదల ఇరుకు ఇళ్లను వెతుక్కుంటూ వచ్చే జబ్బు. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. స్పృహ తప్పకముందే మొదలుపెడితే బతికే అవకాశం, చదువు నిలిచే అవకాశం చాలా ఎక్కువ.

మెదడువాపు తెచ్చే జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వంటి వైరస్‌లలో పదుల నుంచి వందల కణాలు వస్తాయి. ఎక్కువగా లింఫోసైట్లే. కానీ చక్కెర మామూలుగా ఉంటుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. వైరస్ జబ్బులో కూడా మొదటి రోజు న్యూట్రోఫిల్సే ముందు కనిపించవచ్చు. అందుకే అవసరమైతే రెండోసారి నీరు తీస్తారు. 'మొన్ననే తీశారు కదా' అని కోపగించుకోవద్దు.

అడవి పల్లెల్లో మలేరియా మెదడుకు ఎక్కినప్పుడు ఈ నీటిలో కణాలు సాధారణంగా పెరగవు. అప్పుడు జవాబు వేలి రక్తపు చుక్కలో దొరుకుతుంది. అంటే 'కణాలు లేవు' అన్నది కూడా ఒక సమాచారమే. మన జిల్లాల చరిత్రలో ఈ మాటకు చాలా బరువుంది.

2003: సైనికులు కనబడని నీరు

2003 జూన్ నుంచి ఆగస్టు వరకు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, ముఖ్యంగా ఉత్తర తెలంగాణలో, పిల్లలకు ఒక వింత జ్వరం వచ్చింది. మన ఉమ్మడి వరంగల్ జిల్లా పల్లెలు కూడా అందులో ఉన్నాయి. పొద్దున ఆడుకున్న పిల్లవాడికి హఠాత్తుగా జ్వరం, వాంతులు, ఫిట్స్, ఆ వెంటనే స్పృహ తప్పడం. చాలామంది ఒకటి రెండు రోజుల్లోనే చనిపోయారు. లెక్కకు వచ్చిన 329 మంది పిల్లల్లో 183 మంది బతకలేదు. నూటికి 55 మందికి పైగా అన్నమాట.

మొదట అందరూ జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనుకున్నారు. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షల్లో అది కాదని తేలింది. వెస్ట్ నైల్, డెంగీ, తట్టు కూడా కాదన్నారు. చివరికి ఆరుగురు పిల్లల నమూనాల నుంచి ఒక వైరస్‌ను వేరు చేశారు. తొమ్మిది మంది నమూనాల్లో దాని జన్యుపదార్థం దొరికింది. అది చండీపురా వైరస్. 1965లో నాగపూర్ దగ్గర చండీపురా ఊరిలో జ్వరం వచ్చిన పెద్దవాళ్ల రక్తంలో మొదటిసారి దొరికింది కాబట్టి ఆ పేరు. దాదాపు నలభై ఏళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఈ పరిశోధన 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది.

మన పాఠానికి సంబంధించిన విషయం ఇప్పుడు వస్తోంది. ఆ పిల్లల్లో చాలామంది వెన్ను నీటిలో కణాలు పెద్దగా పెరగలేదు. మెదడు పాడవుతోంది, కానీ నీరు తేటగా ఉంది. దీన్ని చూసి కొందరు పిల్లల వైద్యులు 'ఇది మామూలు మెదడువాపు కాదు, మెదడు రక్తనాళాలకు సంబంధించిన దెబ్బ' అని వాదించారు. వైద్య పత్రికల్లో ఆ చర్చ చాలాకాలం నడిచింది. ఆ వాదన పుట్టడానికి ఒక కారణం ల్యాబులో ఎవరో ఓపికగా లెక్కపెట్టి 'కణాలు పెరగలేదు' అని నిజాయితీగా రాయడమే.

దీని వెనుక కాలం లెక్క కూడా ఉంది. చండీపురాకు వ్యతిరేకంగా శరీరం తయారుచేసే ప్రతిరక్షకాలు జబ్బు మొదలై నాలుగు రోజులు దాటాక తీసిన రక్తంలోనే ఎక్కువగా దొరికాయి. ఎందరో పిల్లలకు ఆ నాలుగు రోజులు దక్కలేదు. కోటలోకి శత్రువు జొరబడిన వేగానికి సైన్యం కదలిక సరిపోలేదు. కాబట్టి నీటిలో సైనికులు లేరంటే యుద్ధం లేదని అర్థం కాదు. యుద్ధం చాలా వేగంగా జరుగుతోందని కూడా అర్థం కావచ్చు.

ఇంతటితో అయిపోలేదు. 2005 మే నుంచి 2006 ఏప్రిల్ వరకు వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో ఒక అధ్యయనం జరిగింది. ఆ ఏడాది మెదడువాపుతో 90 మంది పిల్లలు చేరారు, 49 మంది చనిపోయారు. రక్తం, వెన్ను నీరు దొరికిన 52 మందిని పరీక్షిస్తే దాదాపు సగం మందిలో చండీపురా జాడ కనిపించింది. మన పిల్లల ఒంటి నుంచి తీసిన ఆ కొద్ది నీటి చుక్కలు లోకానికి ఒక పాఠం నేర్పాయి. 2024 వేసవి చివర్లో గుజరాత్‌లో ఇదే వైరస్ మళ్లీ విరుచుకుపడింది. జూన్ మొదలు ఆగస్టు సగం వరకు 245 మెదడువాపు కేసులు నమోదైతే 82 మంది చనిపోయారు, 64 మందిలో చండీపురా నిర్ధారణ అయింది. దీనికి ఇప్పటికీ ప్రత్యేకమైన మందు గానీ టీకా గానీ లేదు. ఫిట్స్ ఆపడం, మెదడు ఒత్తిడి తగ్గించడం, ఊపిరి నిలపడం, ఇదే వైద్యం. అందుకే ప్రతి గంటా విలువైనదే.

ఒక్కో కణాన్నీ అడిగే రోజులు

మేం లెక్కపెట్టేది కణాల జాతిని. ఇప్పుడు శాస్త్రవేత్తలు ఒక్కో కణం లోపలి జన్యువుల పనినీ చదువుతున్నారు. ప్రతి టి కణానికీ, బి కణానికీ శత్రువును గుర్తుపట్టే తాళంచెవి వేరువేరుగా ఉంటుంది. వెన్ను నీటిలో ఒకే తాళంచెవి ఉన్న కణాలు గుంపుగా కనిపించాయంటే, అవి ఏదో ఒక శత్రువును గుర్తుపట్టి సంఖ్య పెంచుకున్నాయన్నమాట.

2020లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు మతిమరుపు జబ్బు అల్జీమర్స్ రోగుల వెన్ను నీటిలో అలాంటి టి కణాల గుంపులను చూశారు. 2022లో మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల వెన్ను నీటిలోని బి కణాలను పరిశీలించిన మరో బృందం ఆశ్చర్యకరమైన విషయం చెప్పింది. ఎప్‌స్టీన్-బార్ అనే మామూలు వైరస్ ప్రోటీనును పట్టుకునే ఒక ప్రతిరక్షకం, మెదడులోని మన సొంత ప్రోటీనును కూడా శత్రువనుకుని పట్టుకుంటోంది. పోలికను చూసి పొరపడిన కాపలాదారు ఇంటివాణ్ణే కొట్టినట్టు. నరాల జబ్బుల మూలాలు వెతకడంలో ఇవి కొత్త దారులు.

ఈ నీటిలో మన తెలుగువాడి జ్ఞాపకం కూడా ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం అమెరికాలో ఫోలిక్ ఆమ్లానికి ఎదురు పనిచేసే మందులను తయారుచేసింది. వాటిలో ఒకదానితోనే సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు 1947-48లో రక్త క్యాన్సర్ పిల్లలకు మొదటిసారి ఊరట కలిగించాడు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్‌ను, క్యాన్సర్ కణాలు మెదడు నీటిలో దాక్కోకుండా, నేటికీ వెన్ను సూది ద్వారా ఎక్కిస్తున్నారు. ఆ సూది నీరు తీయడానికే కాదు, మందు పంపడానికి కూడా.

నడుము పడిపోతుందా?

'వెన్నులో నీరు తీస్తే కాళ్లు పడిపోతాయి', 'సత్తువంతా పోతుంది', 'ఆ సూది పెట్టాకే పిల్లగాడు పోయిండు'. ఈ మాటలు మన ముగ్గురి ఊళ్లలోనూ ఉన్నాయి. తల్లిదండ్రులను తప్పుపట్టే ముందు వాళ్ల భయానికి జవాబు చెబుదాం.

మొదటిది. పెద్దవాళ్లలో వెన్నుపాము నడుము మొదటి, రెండో పూసల దగ్గరే ముగుస్తుంది. సూదిని దానికి కింద, మూడు నాలుగు పూసల మధ్య గానీ నాలుగు ఐదు పూసల మధ్య గానీ పెడతారు. అక్కడ పాము ఉండదు. గుర్రం తోక వెంట్రుకల్లా విడివిడి నరాలు నీటిలో తేలుతుంటాయి. సూది తగిలితే పక్కకు జరుగుతాయి.

రెండోది సత్తువ సంగతి. పెద్దవాళ్లలో 500 మిల్లీలీటర్లు 24 గంటల్లో ఊరుతాయి. గంటకు 20 మిల్లీలీటర్లకు పైనే. పరీక్షకు 5 మిల్లీలీటర్లు తీస్తే పావుగంటలో తిరిగి ఊరుతుంది. పిల్లల్లో తీసేది ఇంకా తక్కువ.

మూడోది. ఆ సూది వల్ల పిల్లవాడు పోయాడనుకుంటారు. నిజానికి ఎక్కువసార్లు జబ్బు ముదిరాక నీరు తీయనిస్తారు. ముందు జరిగింది, వెనక జరిగింది కలిపి కారణం అనుకోవడం మనిషి సహజం.

అలాగని ఏ ఇబ్బందీ లేదని మేం అనం. కొందరికి కొన్ని రోజులు తలనొప్పి, నడుము నొప్పి ఉంటాయి. మెదడులో ఒత్తిడి బాగా పెరిగినప్పుడు, రక్తం గడ్డకట్టని జబ్బు ఉన్నప్పుడు ఈ పరీక్ష ప్రమాదం. అందుకే డాక్టరు ముందు కళ్లు చూస్తారు, అవసరమైతే స్కానింగ్ రాస్తారు. 'ఇప్పుడు తీయొచ్చా?' అని అడిగే హక్కు మనకు ఉంది. భయపడి లేచిపోవడం కంటే అడగడం మేలు.

మనం చేయవలసింది

2003లో 108 అంబులెన్స్ లేదు. అది మన దగ్గర 2005 ఆగస్టులో మొదలైంది. అప్పుడు మూడు ఊళ్ల వాళ్లకూ పెద్ద దిక్కు వరంగల్ ఎం.జి.ఎం. ఒక్కటే. ఎటు నుంచి పోయినా 60 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇప్పుడు మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు ప్రారంభమయ్యాయి. దూరం తగ్గింది. తగ్గవలసింది మన ఆలస్యం.

జ్వరంతో పాటు ఫిట్స్, ఆగని వాంతులు, మెడ బిగుసుకోవడం, మత్తుగా పడి ఉండటం, పొంతన లేని మాటలు కనిపిస్తే రూమ్మేటుకైనా, ఇంట్లో తమ్ముడికైనా, వెంటనే వార్డెన్ సారుకు చెప్పండి, 108కి ఫోన్ చేయండి. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. మందు షాపు మాత్రతో, తాయత్తుతో గంటలు పోగొట్టవద్దు. చండీపురాను మోసే సాండ్‌ఫ్లై అనే చిన్న ఈగ మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల దగ్గర తేమలో పెరుగుతుంది. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు గోడల పగుళ్లు పూడ్చండి, పేడకుప్పను ఇంటికి దూరం చేయండి, పిల్లలను దోమతెరలో పడుకోబెట్టండి. తెర కళ్లు సన్నగా ఉండాలి, ఆ ఈగ దోమకన్నా చిన్నది.

చదువు మాటకు వస్తే, ఈ రంగంలో మనకు చోటు ఉంది. బై.పి.సి. చదివేవాళ్లు డాక్టరు సీటు రాకపోతే అంతా అయిపోయిందనుకోవద్దు. ఆసుపత్రిలో డాక్టరు రాసే మందుకు ముందు ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్క కట్టే చేతులు కూడా కావాలి. మన హాస్టళ్ల నుంచి ఆ చేతులు వస్తే, భయంతో వచ్చిన మన ఊరి తల్లికి మన మాటలో నచ్చజెప్పేవాళ్లు ల్యాబులో ఉంటారు.

మీకు కొన్ని ప్రశ్నలు

1. ఫుక్స్-రోజెంథాల్ చాంబర్‌లో మొత్తం 48 కణాలు కనిపించాయి. ఘన మిల్లీమీటరుకు ఎన్ని? అది మామూలేనా?

2. ఒక పిల్లవాడి నీరు తేటగా ఉంది. కణాలు 200, ఎక్కువభాగం లింఫోసైట్లు. చక్కెర బాగా తక్కువ. మూడు వారాలుగా జ్వరం. మీ మొదటి అనుమానం ఏమిటి?

3. నీటిలో కణాలు పెరగలేదు కాబట్టి మెదడుకు ఏమీ కాలేదని ఒకరన్నారు. 2003 అనుభవంతో జవాబు చెప్పండి.

4. మీ నాయనమ్మ 'వెన్నులో నీరు తీయనియ్యద్దు బిడ్డా' అంటే, ఆమెకు అర్థమయ్యేలా ఐదు వాక్యాల్లో ఏం చెబుతారు? ఇది అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న. జవాబు నోటుబుక్కులో రాయడం కాదు, ఈసారి సెలవులకు పోయినప్పుడు ఇంట్లో చెప్పిరండి.